నాయన వేసిన రెండు జడలు బడి గంట దాకా నిలబడాలంటే

బైరాగిపట్టెడ_నాయన

ఈ వేదికలో బైకు చైను వదులైతే ఏం చేయాలో పదిహేను పేజీల చర్చ ఉంది. పాప జడ వదులైతే ఏం చేయాలో ఒక్క లైను లేదు. ఇంటావిడకు పొద్దున డ్యూటీ పడినా, చెల్లెలి పురుడికని పుట్టింటికి పోయినా ఆ పని నాయన చేతికే వస్తుంది. అప్పుడు ఇంట్లో ఉన్న మూడు దువ్వెనల్లో ఏది దేనికో కూడా తెలియదు.

సిగ్గు అనే మాట తేకండి. తిరుపతి గంగ జాతర వచ్చిందంటే మగవాళ్ళు చీర కట్టి, సవరం పెట్టి, జడ నిండా పూలతో తాతయ్యగుంట గంగమ్మ గుడి దాకా నడిచిపోయే ఊరు మనది. సొంత తలకు జడ వేసుకోవడానికి లేని సిగ్గు కూతురి తల దగ్గర ఎందుకు?

నాయనల జడల్లో కనిపించే రోగాలు మూడే. పాపిట పాము మాదిరి పోతుంది. ఒక జడ చెవి పైన, ఇంకోటి మెడ మీద మొలుస్తుంది. ప్రార్థన గంట కొట్టేసరికి రిబ్బన్లు పాప చేతిలో ఉంటాయి. తెలిసినవాళ్ళు పద్ధతి చెప్పండి. "మా ఇంట్లో ఒకసారి ఏమైందంటే" అని మొదలుపెట్టే కథలు వేరే చర్చలో పెట్టుకుందాం.

చంద్రగిరి_టీచరమ్మ

కూర్చునే ఎత్తు సరిచేసుకుంటే సగం పని అయినట్టే. నాన్నలు చేసే మొదటి తప్పు పాపను నిలబెట్టి జడ వేయడం. నిలబడిన పిల్ల నిమిషానికోసారి కాలు మారుస్తుంది. కాలు మారితే తల ఒరుగుతుంది, తల ఒరిగితే పాపిట వంకరపోతుంది. పాప పీట మీద, మీరు కుర్చీలో కూర్చోండి. ఆమె నడినెత్తి మీ రొమ్ము ఎత్తుకు రావాలి. టీవీ నడుస్తూ ఉంటే పాప ముక్కుకు సూటిగా వచ్చేలా పీట జరపండి, పక్కనుంటే మెడ అటే లాగుతుంది. టీవీ ఆపేయడం ఇంకా మేలే గానీ, పొద్దున ఏడింటికి అంత ధైర్యం ఏ నాన్నకూ ఉండదు.

దువ్వెనలు రెండు చాలు. చిక్కు తీయడానికి పళ్ళు ఎడంగా ఉన్న పెద్దది, పాపిట తీయడానికి వెనక సన్నటి తోక ఉన్నది. మీ చొక్కా జేబులో ఉండే చిన్న దువ్వెన రెండు పనులకూ పనికిరాదు.

చిక్కు ఎప్పుడూ కొసల నుంచి తీయాలి. జుట్టును మధ్యలో పిడికిట్లో గట్టిగా పట్టుకుని, పిడికిలి కింద నాలుగు వేళ్ళ పొడవు ముందు దువ్వండి. అది సాఫీ అయ్యాక పిడికిలి రవంత పైకి జరపండి. పైనుంచి ఒక్క లాగుడు లాగితే చిన్న చిన్న చిక్కులన్నీ కిందికి జారి ఒకే ముద్దగా బిగుసుకుంటాయి. తర్వాత కత్తెర తప్ప దారి ఉండదు. పిడికిలి పట్టుకోవడంలో ఇంకో లాభం, లాగుడు మాడుకు తగలదు. పిల్ల ఏడవదు. స్నానం కాగానే దువ్వకండి. తడి వెంట్రుక సాగుతుంది, సాగి తెగుతుంది. తువ్వాలుతో ఒత్తి తడి పోగొట్టాకే దువ్వెన పెట్టాలి.

ఇక పాపిట. తోక కొసను నుదుటి మీద ముక్కుకు నేరుగా ఆనించి, ఎత్తకుండా నడినెత్తి దాకా ఒకే గీత గీయండి. నెత్తి వెనక సుడి ఉంటుంది, గీత అక్కడే పక్కకు జారుతుంది. సుడితో కొట్లాడకండి, అది మీకన్నా ముందు పుట్టింది. అక్కడ జుట్టు ఎటు పోతే అటు పోనిచ్చి, మెడ గుంతకు గురిపెట్టి కిందికి రండి. ఒక సగాన్ని వెంటనే రబ్బరుతో కట్టేయండి. లేకపోతే రెండో జడ వేసేటప్పుడు ఇటు వెంట్రుకలు అటు కలిసి, మొదటి పాపిట ఎక్కడుందో మళ్ళీ వెతుక్కోవాలి.

వెనక పాపిట మీకు సరిగా కనబడకపోతే ఫోనుతో ఒక ఫొటో తీసి చూడండి. వంకర వెంటనే తెలుస్తుంది.

పలమనేరు_పగ్గం

టీచరమ్మ చెప్పినాక పాపిట గురించి నేను చెప్పేదేమీ లేదు. అల్లిక కాడికి వస్తా.

పగ్గం పేనే చెయ్యి ఉన్నోళ్ళు జడ సులువనుకుంటారు. ఆడే దెబ్బ తింటారు. పగ్గం మెలి, జడ అల్లిక. పేనినట్టు మెలిపెడితే కొస వదిలేసిన మరుక్షణం గిర్రున తిరిగి విడిపోతాది. జడలో ఒక పాయ ఇంకో పాయను అణిచి పెట్టుకుంటుంది కాబట్టి నిలబడతాది.

మూడు పాయలు సమానంగా తీసుకోవల్ల. ఒకటి సన్నమైతే జడ ఒక పక్కకు వంగుతుంది. కుడి పాయ నడిమి పాయ మీదికి. ఎడమ పాయ నడిమి పాయ మీదికి. మళ్ళా కుడి, మళ్ళా ఎడమ. నడిమి పాయ అంటే ఆ క్షణాన నడిమిన ఉండేది, మొదట్లో ఉన్నది కాదు. నిండా మంది ఈడే తప్పుతారు. మొదటి నడిమి పాయనే గుర్తు పెట్టుకుని దాని చుట్టూ తిప్పుతూ ఉంటారు. అది జడ కాదు, ఉండచుట్ట.

నేర్చుకునేదానికి పాప తల వద్దు. మూడు రంగుల పాత గుడ్డపేలికలు కిటికీ ఊచకు కట్టి ఇరవై సార్లు అల్లండి. మూడు రంగులు ఎందుకంటే యాడ తప్పిందో కంటికి కనిపిస్తుంది. ఒకే రంగైతే తప్పు కూడా జడ మాదిరే ఉంటుంది.

మొదటి రెండు మడతలు చెవికి ఆనుకుని బిగించండి. తర్వాతవి మామూలుగా పోవచ్చు. పైన వదులుంటే కింద ఎంత బిగించినా లాభం లేదు. చేతులు పైకెత్తి గాలిలో అల్లకండి. చెయ్యి వదలగానే జడ కిందికి వాలి, మొదట్లో సంచి మాదిరి వేలాడతాది. జడ యాటికి వాలల్లనో ఆ దిక్కే లాగుతూ అల్లాల. కొస నాలుగు వేళ్ళు ఉండగానే ఆపేయండి.

ఒకటి పైకి, ఒకటి కిందికి రావడానికి కారణం మీ కుడి చెయ్యి. కుడి పక్క బిగుతుగా, ఎత్తుగా వస్తుంది. ముందు ఎడమ జడ వేసి, దానికి సరిగ్గా కుడిది వేయండి. రెండింటికీ గుర్తు చెవి తమ్మె. మొదటి మడత తమ్మె వెనక పడాల.

పుంగనూరు_పొట్టి

గుడ్డపేలికలు ఎందుకన్నా, మా పుంగనూరు ఆవు తోక నేలను తాకుతాది. దానికే అల్లి నేర్చుకోవచ్చు గదా.

పలమనేరు_పగ్గం

అల్లుకో తమ్ముడూ. ఆవు రెండు నిమిషాలు ఓర్చుకుంటుంది, యూకేజీ పిల్ల అంత ఓర్చుకోదు. ఆవు దగ్గర అలవాటైతే ఇంట్లో నువ్వే చెడిపోతావు.

ఫ్యాన్సీ_అంగడి_అక్క

జడ బాగా వేసి, రిబ్బను తప్పు కొని పాడుచేసుకుంటారు మగవాళ్ళు. అంగడికి వచ్చి "ఎర్ర రిబ్బను" అని నిలబడితే ఎవరైనా ఏమిస్తారు? వెడల్పు అంగుళం. పొడవు, వీపు సగం దాకా జుట్టుంటే జడకు మీటరు, భుజాల దాకా ఉంటే ముప్పావు మీటరు. రెండు జడలకు కొలిచి కొనండి, ఒకే ముక్క తెచ్చి ఇంట్లో కూరగాయల కత్తితో కోయకండి.

కోసిన అంచు దారాలు ఊడుతుంది. నైలాన్ రిబ్బనైతే అంచుకు వెలిగించిన ఊదుబత్తి కొసను అలా చూపించి తీసేయండి. కరిగి అతుక్కుంటుంది. అగ్గిపుల్ల వద్దు, మంట పైకి పాకుతుంది. నూలు రిబ్బను కరగదు, కాలుతుంది. దానికి అంచు మడిచి కుట్టాల్సిందే.

చాలా మంది నాన్నలు జడంతా అయ్యాక కొసన రిబ్బను చుడతారు. అది జారిపోక ఏం చేస్తుంది? జడ సగం అయ్యాక రిబ్బనును రెండుగా మడిచి, మడతను నడిమి పాయ వెనక పెట్టండి. ఒక కొసను కుడి పాయతో, ఇంకో కొసను ఎడమ పాయతో కలిపి అల్లుకుంటూ పోండి. అప్పుడు రిబ్బను జడ లోపల ఉంటుంది, జుట్టంతా ఊడితే తప్ప ఊడదు. కొసన గుడ్డ తొడిగిన చిన్న రబ్బరు వేసి, దాని మీద రిబ్బను రెండు చుట్లు చుట్టి, జడను పైకి మడిచి చెవి వెనక కట్టండి. బళ్ళలో అడిగే మడత జడ ఇదే.

నోట్ల కట్టలకు వేసే రబ్బరు బ్యాండు మాత్రం వేయకండి. వేసేటప్పుడు ఏమీ అనిపించదు, సాయంత్రం తీసేటప్పుడు పది వెంట్రుకలు తెంపుకుని వస్తుంది. వచ్చింది కదా అని మళ్ళీ రేపటికి జేబులో పెట్టుకుంటారు.

ఇక పువ్వు ముడి. కొన్ని ముళ్ళు అడ్డంగా సీతాకోకచిలుక మాదిరి నిలుస్తాయి, కొన్ని నిలువుగా పైకి కిందికి తిరిగిపోతాయి. కారణం ఒక్కటే. మొదటి ముడిలో కుడి కొస ఎడమ దాని మీద వేసి ఉంటే, రెండో ముడిలో ఎడమ ఉంగరం కుడి దాని మీద పోవాలి. రెండుసార్లూ ఒకే వైపు వేస్తే ముడి నిలువుగా తిరుగుతుంది, త్వరగా వదులవుతుంది. మీ బూటు లేసు ఎప్పుడూ ఊడిపోతూ ఉంటే దానికీ ఇదే కారణం, ఒకసారి చూసుకోండి.

బైరాగిపట్టెడ_నాయన

అక్కా, బూటు లేసు మాట నిజమే. నలభై ఏళ్ళ అజ్ఞానం పోయింది.

ఇంకో సందేహం. బిగుతు ఎంత ఉండాలి?

చంద్రగిరి_టీచరమ్మ

పాప ముఖం చూడండి. ఎవరో చెప్పిన మాటకు ఆశ్చర్యపోయినట్టు కనుబొమ్మలు పైకి లేచి ఉన్నాయా, బిగువు ఎక్కువైంది. జడ మొదట్లో మీ చిటికెన వేలు కొస దూరాలి. రోజూ బిగించి కడితే నుదుటి అంచున, చెవుల ముందర జుట్టు పలచబడుతుంది. మొదట్లో చిన్న ఎర్రటి పొక్కులు, తలనొప్పి అనడం ఆనవాళ్ళు. ఆ దశలో వదులు చేస్తే జుట్టు మళ్ళీ వస్తుంది, ఏళ్ళ తరబడి లాగితే రాకపోవచ్చు. సాయంత్రం బడి నుంచి రాగానే జడ విప్పేయడం కూడా నాన్న పనే. నిద్రలో బిగుతు జడ ఉండకూడదు, వదులుగా ఒకే జడ చాలు.

కార్వేటినగరం_తాత

ఇంతసేపు నూనె మాట ఎత్తినవాడు లేడు. తలకు నూనె పెట్టకుండా జడ ఎట్ల వేస్తారు నాయనా? చేతిలో పోసుకుని మాడు తడిసేటట్టు అద్దాల. పిల్లోళ్ళ కండ్లు చల్లగా ఉంటాయి.

ఫ్యాన్సీ_అంగడి_అక్క

తాతా, ఆ నూనె కారి తెల్ల చొక్కా కాలరు పసుపెక్కితే ఉతికేది ఎవరు?

చంద్రగిరి_టీచరమ్మ

ఇద్దరిదీ సగం సగం నిజం. నూనె రాసిన జుట్టు దువ్వెనకు జారుతుంది, చిక్కు తక్కువ పడుతుంది, పాపిట శుభ్రంగా పడుతుంది. కానీ దానికి ఒక టీ స్పూను, అంటే 5 మి.లీ. చాలు. అరచేతిలో వేసి రెండు చేతులూ రుద్దుకుని, ముందు కొసలకు, తర్వాత పైకి. నేరుగా నడినెత్తిన పోస్తే అక్కడే నిలుస్తుంది, చెమటతో కలిసి నుదుటి మీదికి కారుతుంది. తిరుపతి ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో అర స్పూను కూడా ఎక్కువే.

కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. పలమనేరు, కుప్పం వైపు డిసెంబరు పొద్దున సీసా బోర్లించి కొట్టేవాళ్ళ కోసం చెప్తున్నా, సీసాను వేన్నీళ్ళ చెంబులో ఐదు నిమిషాలు నిలబెట్టండి. పొయ్యి దగ్గర పెట్టకండి.

తాత గారి మాడు తడిసే నూనె ఆదివారానికి పెట్టుకోండి, తలంటుకు ఒక గంట ముందు. కుంకుడుకాయలు ఎనిమిదో పదో చితక్కొట్టి, గింజలు తీసేసి వేన్నీళ్ళలో నానేసి పిసికితే భుజాల దాకా ఉన్న జుట్టుకు సరిపోతుంది. గింజ తీయకుండా పిసికితే అది వేళ్ళకు తగిలి రసం సరిగా రాదు. వడకట్టకుండా పోస్తే పిప్పి జుట్టులో చిక్కుకుంటుంది. పాప తల ముందుకు వంచితే నురుగు కంట్లో పడుతుంది, వెనక్కి వాల్చి పోయాలి. కంట్లో పడితే ఆ వారం నాన్నకు మళ్ళీ తలంటే అవకాశం ఇవ్వరు.

కార్వేటినగరం_తాత

రవంత తక్కువే పోస్తాలే తల్లీ. కండ్లు చల్లగా ఉండేది మాత్రం నిజం.

పాకాల_పకోడి

అందరూ జడ గురించే. అసలు సమస్య తలలో సంసారం పెట్టిన పేలు. రెండో తరగతి పాప తల గోక్కుంటా ఉంటే, జడలో పెట్టిన రిబ్బను కూడా ఊగుతాది.

మందుల_షాపు_తమ్ముడు

దీనికి రవంత వివరంగా రాస్తా. పేలు ఎగరవు, దూకవు. తలకు తల ఆనినప్పుడు పాకుతాయి. అందుకే ఒకే బెంచీలో మూడు తలలు ఒక పుస్తకం మీద వంగితే మూడు ఇళ్ళకూ పంచుకున్నట్టే. మురికికీ దీనికీ సంబంధం లేదు, శుభ్రమైన తలలోనూ హాయిగా ఉంటాయి. కాబట్టి "మీ ఇంట్లో తలంటరా" అని ఎవరినీ అనకండి.

ఈపి, అంటే పేను గుడ్డు, వెంట్రుకకు జిగురుతో అంటుకుని ఉంటుంది, దులిపితే రాలదు. చుండ్రు దులిపితే రాలుతుంది. తేడా అదే. మాడుకు అర సెంటీమీటరు లోపల ఉన్న ఈపిలోనే సాధారణంగా ప్రాణం ఉంటుంది. దూరంగా కనిపించేవి చాలావరకు ఖాళీ గుల్లలు.

పేలను చంపే మందు పెర్మెత్రిన్ 1 శాతం లోషన్ వాడే పద్ధతి ఇది. కండిషనర్ లేని షాంపూతో తల కడిగి తువ్వాలుతో తడి తుడవాలి. లోషన్ మాడుకు, చెవుల వెనక, మెడ దగ్గర బాగా పట్టించి సరిగ్గా 10 నిమిషాలు ఉంచి కడిగేయాలి. రాత్రంతా ఉంచితే ఎక్కువ పని చేస్తుందని కొందరు ఉంచుతారు. చేయదు, మాడు మండుతుంది. రెండు నెలల లోపు పసిబిడ్డకు వాడకూడదు.

అసలు తప్పు దీని తర్వాత జరుగుతుంది. మందు పెద్ద పేలను చంపుతుంది, గుడ్లన్నింటినీ చంపదు. గుడ్డు పగలడానికి వారం, పది రోజులు పడుతుంది. 9వ రోజున మళ్ళీ ఒకసారి పెట్టకపోతే మొదటిసారి పెట్టింది వృథా. క్యాలెండరులో గ్యాసు బండ తేదీ పక్కనే రాసిపెట్టుకోండి. రోజు మార్చి రోజు పేల దువ్వెనతో, తడి జుట్టుకు కండిషనర్ పూసి, పాయ పాయగా దువ్వాలి. ప్రతి లాగుడు తర్వాత దువ్వెనను తెల్ల కాగితం మీద తుడిచి చూడాలి. ఇంట్లో అందరి తలలూ ఒకే రోజు చూడాలి. నాయన మీసం, గడ్డం జోలికి తల పేలు సాధారణంగా రావు గానీ, తల ఉన్న నాయన కూడా లైనులో కూర్చోవాల్సిందే.

దిండు గలీబులు, తువ్వాళ్ళు వేడి నీళ్ళలో ఉతికి ఎండలో వేయండి. తల వదిలిన పేను ఒకటి రెండు రోజుల కంటే బతకదు. ఇల్లంతా మందు కొట్టే పని లేదు.

కిరసనాయిలు, నాఫ్తలిన్ ఉండల పొడి, కర్పూరం కలిపిన నూనె పిల్లల తలకు పెట్టకండి. కిరసనాయిలు మాడును కాలుస్తుంది, నిప్పు తగిలితే చెప్పక్కర్లేదు. కర్పూరం నోట్లోకి పోతే చిన్న పిల్లలకు ఫిట్స్ వస్తాయి.

పాకాల_పకోడి

తమ్ముడూ, పేనుకొరుకుడు కూడా దీనివల్లేనా? రూపాయి బిళ్ళ అంత నున్నగా ఊడిపోతాది.

మందుల_షాపు_తమ్ముడు

పేరు మోసం చేస్తుందన్నా. పేను కొరకదు. ఒంటిలోని రక్షణ వ్యవస్థే జుట్టు కుదుళ్ళ మీద తిరగబడటం వల్ల అలా గుండ్రంగా ఊడుతుంది. అంటువ్యాధి కాదు. ఆ చోట నున్నగా ఉంటే అది. పొట్టు రేగుతూ, దురదతో, వెంట్రుకలు మధ్యలో తెగి ఉంటే తామర, అది అంటుకుంటుంది. తలలో తామర పైపూత మందుకు లొంగదు, లోపలికి మందు కావాలి. రెండింటికీ చర్మం డాక్టరు దగ్గరికే. ఉల్లిపాయ రుద్దడాలు, బీడీ బూడిద పూయడాలు చేసి వెళ్తే డాక్టరుకు అసలు రంగు కనబడదు.

వరదయ్యపాళెం_వాన

ఇంత కష్టం ఎందుకు, తిరుమల కొండ పక్కనే ఉంది. గుండు కొట్టిస్తే పేలూ పోతాయి, జడ బాధా పోతుంది.

బైరాగిపట్టెడ_నాయన

మన ఊళ్ళో నాయనల మొదటి బెదిరింపు, చివరి బెదిరింపు అదే. "కదిలావంటే కొండకు తీసుకుపోయి గుండు కొట్టిస్తా." పిల్లలకు తెలుసు, సెలవుల్లోనే కొండకు పోతారని. ఏ లెక్క చూసినా ఇది నాయనకే ఎదురు తిరుగుతుంది. వెంట్రుక నెలకు ఒక సెంటీమీటరు, మహా అయితే ఒకటింపావు పెరుగుతుంది. జూన్‌లో గుండు చేయిస్తే మళ్ళీ జూన్‌కు 12 నుంచి 15 సెంటీమీటర్లు. పిలకలు రెండు కట్టడానికి సరిపోతుంది, మడత జడకు చాలదు. అంటే రెండేళ్ళ దాకా బడి ఫొటోలన్నింటిలో మీరిచ్చిన మాట కనిపిస్తూ ఉంటుంది.

కొర్లగుంట_కత్తెర

గుండు మాట వచ్చింది కాబట్టి పసిబిడ్డల పుట్టు వెంట్రుకల గురించి రాస్తా. తిరుమలలో తలనీలాలు తీసే కల్యాణకట్టలో ఇది ఉచితం. టోకెను తీసుకుని లైనులో పోవాలి, బ్లేడు అక్కడే ఇస్తారు. ఆడవాళ్ళకు చేయడానికి ఆడ క్షురకులూ ఉన్నారు. జుట్టంతా ఇవ్వని ఆడవాళ్ళు మూడు కత్తెరలు, అంటే కత్తెరతో మూడుసార్లు కొద్దిగా కత్తిరించిన జుట్టు ఇస్తారు. మొక్కుకు అది చాలు.

బిడ్డ ఎవరి ఒడిలో కూర్చోవాలంటే మేనమామ అంటారు. నాయనకు దక్కే పని సంచి మోయడం, ఫొటో తీయడం, ఏడుపు ఆపడానికి తాళాల గుత్తి ఆడించడం. ఈ మూడో పనిని తేలిగ్గా తీసుకోకండి. తల కదలకుండా ఉండేది దానివల్లే. మేనమామ ఒక అరచెయ్యి గడ్డం కింద, ఇంకో చెయ్యి చెంప పక్కన పెట్టి పట్టుకోవాలి. మెడ పట్టుకుంటే బిడ్డ గింజుకుంటుంది.

ఏడాది లోపు బిడ్డకు ముందు మాడు మెత్తగా ఉంటుంది. సాధారణంగా ఏడాది నుంచి ఏడాదిన్నరలో పూడుతుంది. అక్కడ బ్లేడు ఒత్తిపట్టకుండా తేలిగ్గా పోనివ్వమని ముందే చెప్పండి. జుట్టు బాగా తడపకపోతే బ్లేడు పట్టుకుని గీతలు పడతాయి. కాబట్టి ముందు నీళ్ళు పోసి రెండు నిమిషాలు చేత్తో రుద్దాలి. కడుపు నిండి, నిద్ర తీరిన సమయం చూసుకోండి. లైనులో నిలబడి బిడ్డకు ఆకలైతే ఏ తాళాల గుత్తీ పనిచేయదు.

గుండుకు పూసే గంధం తడి ఉన్నంతసేపు చల్లగా ఉంటుంది. కానీ గీత పడినచోట పూయకండి, ముందు శుభ్రంగా కడిగి రక్తం ఆగనివ్వండి. కొండ సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలం పొద్దున గుండుకు గాలి తగిలితే బిడ్డ వణుకుతుంది. నూలు టోపీ ఒకటి, తడిస్తే మార్చడానికి ఇంకోటి. ఎండాకాలమైతే అదే టోపీ ఎండకు.

వరదయ్యపాళెం_వాన

మూడుసార్లు గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందంటారు కదా?

మందుల_షాపు_తమ్ముడు

రాదు. కుదుళ్ళు పుట్టినప్పుడు ఎన్ని ఉంటాయో అన్నే. బ్లేడు పైన ఉన్న వెంట్రుకను కోస్తుంది, కుదురును తాకదు. సహజంగా వెంట్రుక కొస సన్నంగా ఉంటుంది. కోసినప్పుడు మొండిగా తెగుతుంది కాబట్టి చేతికి గరుకుగా, కంటికి లావుగా అనిపిస్తుంది. దానికి తోడు పసిబిడ్డ మెత్తటి జుట్టు పోయి ముదురు జుట్టు రావడం ఎలాగూ ఆ వయసులోనే జరుగుతుంది. పేరు గుండుకు వస్తుంది. మొక్కు మొక్కుగా తీర్చుకోండి, దానికి ఈ లెక్క అక్కర్లేదు.

కార్వేటినగరం_తాత

గుండుతో జుట్టు ఒత్తుగా వచ్చేటట్టుంటే నా తల ఈ పాటికి తలకోన అడవి మాదిరి ఉండాల.

ఫ్యాన్సీ_అంగడి_అక్క

పూల గురించి ఒక మాట చెప్పి నా అంగడికి పోతా. మూర అంటే అమ్మే అవ్వ మోచేతి నుంచి వేలి కొస దాకా. మీ చేతి కొలత కాదు, ఇంట్లో కొలిచి తక్కువైందని గొడవ పడకండి. ఆరేళ్ళ పాపకు జడకు జానెడు చాలు. ఎక్కువ పెడితే బరువుకు జడ లాగుతుంది. కనకాంబరాలు తేలిక, సాయంత్రం దాకా వాడవు, వాసన లేదు కాబట్టి క్లాసులో చీమలూ తేనెటీగలూ రావు. మల్లెలైతే ముందు రోజు సాయంత్రం మొగ్గలు తెచ్చి, తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో కింద అరలో పెట్టండి.

పెట్టేటప్పుడు దండను సగానికి మడిచి, మడతలోంచి చెంపపిన్ను దూర్చి, జడ మొదటి మడత కింద గుచ్చండి. కొసలు రెండూ కిందికి వేలాడతాయి. పువ్వు మీద కాదు, దారం మీద పిన్ను పడాలి. పిన్ను కొస మాడు వైపు ఉండకూడదు.

కొండకు పోయే రోజు పూలు పెట్టకండి. తిరుమలలో పూలన్నీ స్వామికే, అక్కడ ఆడవాళ్ళు తలలో పూలు పెట్టుకోరు. కష్టపడి గుచ్చినవన్నీ అలిపిరి దగ్గర తీయాల్సి వస్తుంది, పాప ఏడుపు మెట్ల దారిలో పైనున్న మోకాళ్ళ పర్వతం దాకా వినబడుతుంది. తిరుచానూరుకు పోయే రోజు పెట్టుకోండి.

పుంగనూరు_పొట్టి

మగపిల్లోడి నాయనలకు ఏం పని లేదా ఈడ?

కొర్లగుంట_కత్తెర

ఉంది. ముందు జుట్టు ఇంట్లో కత్తిరించకుండా ఉండటం. తప్పదంటే పొడి జుట్టు మీదే కత్తిరించు. తడి జుట్టు ఎండాక పైకి ముడుచుకుంటుంది, కనుబొమ్మ దాకా అనుకున్నది నుదుటి మధ్యకు చేరుతుంది. కత్తెర అడ్డంగా కాదు, నిలువుగా పట్టి కొసల్లోకి చిన్న చిన్న గాట్లు పెట్టు. అడ్డంగా ఒక్క దెబ్బకు కోస్తే కొబ్బరి చిప్ప బోర్లించినట్టు ఉంటాది. పాలప్యాకెట్ కత్తెరతో అసలు మొదలుపెట్టొద్దు.

బైరాగిపట్టెడ_నాయన

అన్నీ కలిపి ఒక పొద్దుటి లెక్క వేశా, తప్పుంటే చెప్పండి. చిక్కు 4 నిమిషాలు, పాపిట 1, ఎడమ జడ 3, కుడి జడ 3, రిబ్బన్ల మడత 2. మొత్తం 13. మొదటి వారం దీనికి రెట్టింపు. బస్సు 7:50కి అంటే 7:15కి పీట మీద కూర్చోబెట్టాలి. టిఫిను జడకు ముందే. ఇడ్లీ తింటూ జడ వేయించుకుంటే నమిలిన ప్రతిసారీ దవడ కదిలి చెంప దగ్గర పాయ వదులవుతుంది. చట్నీ సంగతి సరే.

చంద్రగిరి_టీచరమ్మ

ఒకటి మరిచారు. యూనిఫాం చొక్కా జడకు ముందే తొడగాలి. జడ అయ్యాక మెడ ఇరుకు చొక్కాలో తల దూరిస్తే 13 నిమిషాల పని మెడ గుండీ దగ్గరే పోతుంది.

పాకాల_పకోడి

అంతా బాగుంది. శనివారం తెల్ల రిబ్బను అంటారు, శుక్రవారం రాత్రి పదిన్నరకు గుర్తొస్తుంది. నూనె పట్టి పసుపచ్చగా ఉంటుంది. ఇప్పుడు చెప్పండి.

ఫ్యాన్సీ_అంగడి_అక్క

గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి పావుగంట నానబెట్టు. బట్టల సబ్బు కంటే అది నూనె బాగా వదిలిస్తుంది. రెండుసార్లు జాడించి పిండకుండా, స్టీలు గ్లాసు చుట్టూ తడిగానే బిగించి చుట్టి, కొసకు ఒక పిన్ను పెట్టి ఫ్యాను కింద ఉంచు. పొద్దునకు ఇస్త్రీ చేసినట్టే ఆరుతుంది. గ్లాసు బోర్లించి పెట్టు, లేకపోతే రాత్రి ఎవరో ఒకరు దాంట్లో నీళ్ళు తాగేస్తారు.